కర్నూలు మళ్ళీ లేచింది... కానీ ఏం మర్చిపోయింది?

పోయిన ఎపిసోడ్ కింద గిద్దలూరు తమ్ముడు ఒకతను కామెంట్ పెట్టాడు. "అన్నా, ఒక పాత సిటీ మొత్తం వరదలో మునిగిపోతే, మళ్ళీ కట్టేటప్పుడు ముందు ఏం కట్టాలి?" అని. చాలా మంచి ప్రశ్న. దీనికి ఎక్కడో వెతకక్కర్లేదు, నల్లమల దాటితే చాలు. ఈరోజు కర్నూలు గురించి మాట్లాడుకుందాం.

మనకి కర్నూలు పరాయి ఊరేం కాదు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు, కంభం అన్నీ కర్నూలు జిల్లాలోనే ఉండేవి. కలెక్టరాఫీసులో పనుంటే మా తాత దోర్నాల, ఆత్మకూరు మీదుగా కర్నూలే పోయేవాడు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని కూడా అదే. పాత పేరు కందనవోలు. అలంపురం గుళ్ళకి రాళ్ళు మోసే బండ్లు తుంగభద్ర దాటే ముందు ఇక్కడ ఆగి చక్రాలకి కందెన వేసుకునేవట, అందుకే ఆ పేరొచ్చిందని చెబుతారు. కొండారెడ్డి బురుజు, హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ సమాధి... అంత చరిత్ర ఉన్న ఊరు.

ఇక 2009 అక్టోబర్ 2. గాంధీ జయంతి, సెలవు రోజు. పైన విపరీతమైన వానలు. తుంగభద్ర, హంద్రీ కలిసేచోట ఉంది ఊరు, రెండూ ఒకేసారి పొంగాయి. కింద శ్రీశైలం డ్యామ్ పరిస్థితి ఇంకా ఘోరం. ఆ డ్యామ్‌ని సుమారు 19 లక్షల క్యూసెక్కుల వరదకి డిజైన్ చేశారు. వచ్చింది 25 లక్షలకు పైగా. 885 అడుగుల దగ్గర ఆగాల్సిన నీళ్ళు 896 దాకా వెళ్ళాయి. కర్నూలు పాతబస్తీ మునిగింది. మంత్రాలయం మునిగింది, అలంపురం మునిగింది.

నాకప్పుడు పన్నెండేళ్ళు. మా పిన్ని వాళ్ళు పాతబస్తీలోనే ఉండేవాళ్ళు. ఇంటి కిందే బాబాయి టైలరింగ్ షాపు. నీళ్ళు పెరుగుతుంటే పక్కింటి మేడ మీదకెక్కారు. రెండు రాత్రులు, ముప్పై మంది దాకా, ఒకే డాబా మీద. నీళ్ళు తీశాక మేం వెళ్ళాం. ఆ బురద వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది. బీరువా తలుపు రాలేదు, గడ్డపారతో తీశారు. లోపల ఇంటి కాగితాలు, టెన్త్ సర్టిఫికెట్లు, పెళ్ళి ఆల్బమ్ అన్నీ తడిసి ఒకే ముద్ద.

దీపావళికి రెండు వారాలే టైమ్. షాపు నిండా జనం కుట్టమని ఇచ్చిన బట్టలు. రసీదు బుక్కు కూడా కొట్టుకుపోయింది. ఎవరికి ఎంత కట్టాలో బాబాయికి తెలీదు. సాయం కోసం ఒక ఆఫీసుకి పోతే "ఇల్లు మీదేనని కాగితం తెండి" అన్నారంట. కాగితం నీళ్ళలో పోయిందనే కదా స్వామీ అక్కడికి వెళ్ళింది!

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. అలంపురంలో సంగమేశ్వరుడి గుడి ఉంది కదా, అది మొదట్లో అక్కడ లేదు. కూడవెల్లిలో ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపోతుందని పురావస్తు శాఖ వాళ్ళు ప్రతి రాయికీ నంబర్ వేసి, విప్పి, తెచ్చి, అలంపురంలో అదే వరసలో పేర్చారు. అద్భుతమైన పని. అదే ప్రాజెక్టు కింద వందకు పైగా ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఆ ఊళ్ళలో ఎవరి పక్కన ఎవరుండేవాళ్ళు, ఎవరికి ఏ పనొచ్చు, ఎవరు ఎటు పోయారు... దానికి ఎవరూ నంబర్ వేయలేదు. రాళ్ళు మళ్ళీ ఒకచోట చేరాయి. మనుషులు చెదిరిపోయారు.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు మాకొక రూల్ ఉండేది. బ్యాకప్ లేనిదాన్ని రీస్టోర్ చేయలేం. సిటీకి కూడా అదే రూల్ ఫ్రెండ్స్. లెక్క రాసి ఉన్నదే మళ్ళీ లేస్తుంది.

గుజరాత్‌లో భుజ్ చూడండి. 2001 జనవరి 26 భూకంపం. కచ్‌లో ధమడ్కా అనే ఊరు అజ్రఖ్ అద్దకానికి ఫేమస్. భూకంపం తర్వాత నీళ్ళు కూడా రంగులకి పనికిరాకుండా పోతే, ఆ కళాకారుల్లో చాలామంది కలిసి వెళ్ళి అజ్రఖ్‌పూర్ అని కొత్త ఊరే కట్టుకున్నారు. ఇళ్ళు ఒక్కటే కాదు, పనిని కూడా కట్టుకున్నారన్నమాట. భుజ్‌లో 2022లో స్మృతివనం మ్యూజియం కూడా తెరిచారు. అక్కడ పుట్టే పిల్లాడికి ఆ రోజు ఏం జరిగిందో తెలుస్తుంది.

కర్నూలు కూడా లేచింది. బాబాయి షాపు కూడా లేచింది. ఎట్లాగో తెలుసా? ఆ డాబా మీద ఉన్నవాళ్ళే తలా ఒకటి గుర్తు చేశారు. "ఆ నీలం బ్లౌజు గుడ్డ ఫలానా వాళ్ళది", "ఈ ప్యాంటు పీసు మాస్టారిది" అని. ఆ మనుషులే బాబాయికి బ్యాకప్. అదే వాళ్ళందర్నీ తలా ఒక కాలనీకి పంపించేసి ఉంటే?

కానీ పోయిన సంవత్సరం మా పిన్ని కొడుకు అద్దెకి ఇల్లు వెతుకుతుంటే, నది దగ్గర్లో ఒక కొత్త అపార్ట్‌మెంట్ గ్రౌండ్ ఫ్లోర్ చూపించారు. "ఇక్కడికి నీళ్ళు ఎంత వచ్చాయి?" అని వాడు అడిగితే బ్రోకర్ "ఏ నీళ్ళు?" అన్నాడంట. మర్చిపోయింది ఇదీ. ఒక్క గోడ మీద ఒక్క గీత ఉంటే ఆ బ్రోకర్ ఆ మాట అనగలిగేవాడా?

మాది కరువు ప్రాంతం, మాకెందుకులే వరదలు అనుకోకండి. గుండ్లకమ్మ పుట్టింది నల్లమలలోనే. మన కంభం చెరువు దానికి అడ్డంగా కట్టిందే. గిద్దలూరు పక్కనే సగిలేరు ఉంది.

తమ్ముడూ, నీ ప్రశ్నకి నా జవాబు ఇదే. ముందు కట్టాల్సింది లెక్క, అదీ వరద రాకముందే. ఇంటి కాగితాలన్నీ ఈరోజే ఫోన్‌లో స్కాన్ చేసి, ఊరు బయట ఉన్న ఒక బంధువుకి పంపి పెట్టు. ఊళ్ళో పెద్దవాళ్ళని అడుగు, వాగు ఎక్కువలో ఎక్కువ ఎక్కడిదాకా వచ్చిందో. అక్కడ ఒక గుర్తు పెట్టు. దేశమంతా పిల్లలు దిద్దుకోవడానికి పలకలు పంపిన ఊరు మనది. ఒక మార్కాపురం పలక రాయి మీద తేదీ, నీళ్ళ ఎత్తు చెక్కించి గోడకి బిగించడానికి పెద్ద బడ్జెట్ ఏం అక్కర్లేదు.

మీ ఊళ్ళో అలాంటి గుర్తు ఎక్కడైనా ఉంటే ఫోటో తీసి కామెంట్లలో ఊరి పేరుతో పెట్టండి. 2009లో కర్నూల్లో ఉన్నవాళ్ళు ఎవరైనా చూస్తుంటే, మీ వీధిలో నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో ఒక్క లైన్ రాయండి చాలు. అన్నీ కలిపి వీధి వారీగా ఒక మ్యాప్ చేసి వచ్చే ఎపిసోడ్‌లో చూపిస్తా. ఉంటా మరి, జాగ్రత్త.