నజరేతు, స్టూవర్టుపురం



యోహాను సువార్త 1వ అధ్యాయము 46వ వచనము తెరవండి. ఫిలిప్పు వచ్చి యేసును గూర్చి చెప్పినప్పుడు నతనయేలు ఆయన ఎటువంటివాడని అడుగలేదు. ఊరి పేరు విని పెదవి విరిచాడు.

బాపట్ల, చీరాల మధ్య రైలులో తిరిగేవారికి స్టూవర్టుపురం స్టేషను తెలుసు. ఆ పేరు వినగానే చాలామంది చేయి జేబు మీదికి పోతుంది. నా చేయి కూడా ఒకప్పుడు పోయింది, దాచిపెట్టను.

అక్కడ ఎక్కువమంది ఎరుకలవారు. వీరి పెద్దలు సముద్రతీరం నుండి ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద లోపలి గ్రామాలకు మోసి, బదులుగా ధాన్యం తెచ్చుకొని బ్రదికారు. తరువాత రైళ్లు వచ్చాయి. ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది. 1876-78 కరువు వచ్చింది. వ్యాపారం పోయినవారిని ఆదుకొనుటకు మారుగా దొరలు వారిని జాబితాలో చేర్చారు. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్లే దొంగ కొడుకు దొంగ అవుతాడన్నది 1871 నేరస్థ జాతుల చట్టం వెనుక ఉన్న వాదన. (వడ్రంగి కొడుకని మన ప్రభువును కూడా తేలిక చేశారు గదా!) మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ కులాలవారీగా తలలు, ముక్కులు కొలిచి, 1909లో ఏడు సంపుటాలు అచ్చువేయించాడు. దానికి శాస్త్రమని పేరు. 1911లో కొత్త చట్టం మద్రాసు రాజధానికీ వచ్చింది. వేలిముద్రలు, హాజరు పిలుపులు, సెలవు లేనిదే ఊరు దాటకూడదు. బిడ్డలను తల్లిదండ్రుల నుండి వేరుచేసే అధికారం కూడా అందులో ఉంది.

సంఘమా, ఇందులో మనకూ వాటా ఉంది. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్టు పేరిట వెలసిన ఆ సెటిల్‌మెంటును నడిపినది రక్షణ సైన్యము, సాల్వేషన్ ఆర్మీ. బడి పెట్టారు, భూమి ఇప్పించారు, చీరాల పొగాకు ఫ్యాక్టరీలో పని చూపారు. అది అబద్ధం కాదు. అయితే సువార్త చెప్పినవారే హాజరు పట్టీ పట్టుకొన్నారు.

1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. 1991లో ఆ ఊరి పేరు మీద దొంగల సినిమాలు వచ్చాయి, 2023లో మరొకటి వచ్చింది. అపొస్తలుల కార్యములు 17:26లో పౌలు సమస్త జనములకు మూలము ఒక్కటేనని ప్రకటించాడు. మనం ఆదివారం దానికి ఆమేన్ అంటాం.

మా సంఘములో ఒక పెండ్లి మాట నడిచింది. అబ్బాయి ఉద్యోగం నచ్చింది, సాక్ష్యం నచ్చింది. ఊరు అడిగారు. మరుసటి ఆదివారం అమ్మాయి తండ్రి ఆ అబ్బాయికి వందనం కూడా చెప్పలేదు. మధ్యవర్తిని నేనే. నేను నోరు మెదపలేదు.

ఫిలిప్పు నతనయేలుతో వాదించలేదు, వచ్చి చూడమన్నాడు. ఈ వారం నేను ఆ తండ్రిగారి ఇంటికి వెళ్లి, ఆయనను వెంటబెట్టుకొని స్టూవర్టుపురంలో ఆ అబ్బాయి తల్లిదండ్రుల ఇంటికి వెళ్లాలని నిశ్చయించుకొన్నాను. ఆయన వస్తాడో రాడో. ప్రార్థించండి.