చన్నీళ్లకు గడ్డ కరుగుతుందా?

డాక్టర్ పట్టా అందుకున్న యువ మిత్రులారా,

త్వరలోనే మీ ఓపీకి కాలేయ క్యాన్సర్ రోగిని వెంటబెట్టుకుని ఒక కొడుకు వస్తాడు. ఫోన్‌లో వీడియో చూపించి, "డాక్టర్ గారూ, నాన్నకు చన్నీళ్ల స్నానం చేయిస్తే గడ్డ తగ్గుతుందట, నిజమేనా?" అంటాడు. కసురుకోకండి. ఆ మాట గాలిలోంచి పుట్టింది కాదు.

2022లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌లో యిహాయ్ కావో బృందం క్యాన్సర్ గడ్డలున్న ఎలుకలను 4 డిగ్రీల చలిలో ఉంచింది. 30 డిగ్రీల వెచ్చదనంలో ఉన్నవాటితో పోలిస్తే వీటి గడ్డలు నెమ్మదిగా పెరిగాయి. చలికి మేల్కొన్న గోధుమరంగు కొవ్వు, ఒంటిని వేడిగా ఉంచడానికి గ్లూకోజును లాగేసుకోవడంతో గడ్డకు తిండి కరువైంది. గ్లూకోజు ఎక్కువగా పట్టిస్తే మళ్లీ గడ్డలు పెరిగాయి. ఆ పరిశోధనలో చూసిన క్యాన్సర్ రోగి మాత్రం ఒక్కరే. అదీ లింఫోమా, కాలేయ క్యాన్సర్ కాదు.

2013లో అమెరికాలోని రోస్‌వెల్ పార్క్ శాస్త్రవేత్తలకు దీనికి ఎదురు ఫలితం వచ్చింది. మామూలు ల్యాబ్‌లోని 22 డిగ్రీలు మనకు హాయి, ఎలుకకు చలి. దాన్ని 30 డిగ్రీల్లో ఉంచితే రోగనిరోధక కణాలు పుంజుకుని గడ్డలను అణిచాయి. నా దృష్టిలో రెండూ నిజాయితీ గల పరిశోధనలే. ఎంత చలి, ఎన్నాళ్లు, ఏ ఒంటికి అని అడగకుండా ఒక్క ఫలితాన్ని పట్టుకుని మందు చీటీ రాయకూడదు.

ఇక ఆ తండ్రి సంగతి. కాలేయ క్యాన్సర్ చాలామందిలో సిరోసిస్ మీదే వస్తుంది. గట్టిపడ్డ కాలేయంలో గ్లైకోజెన్ నిల్వ తక్కువ. ఒక్క రాత్రి ఉపవాసానికే ఒళ్లు కండను కరిగించుకుంటుంది. అందుకే పడుకునే ముందు ఏదైనా తినమంటాం. అలాంటి మనిషిని చలికి వణికించడం అపచారం. ఆ కొడుకుకు వద్దని గట్టిగా చెప్పండి, కారణం కూడా చెప్పండి.

కాలేయ క్యాన్సర్‌ను నిజంగా తగ్గించిన చల్లదనం వేరే ఉంది. తైవాన్‌లో 1984లో శిశువులకు హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టాక పిల్లల్లో ఈ క్యాన్సర్ తగ్గింది. ఆ టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య దాచాలి, గడ్డకడితే పనికిరాదు. మీరు ఏ పీహెచ్‌సీలో చేరినా ముందు టీకాల ఫ్రిజ్ థర్మామీటర్ చూడండి. పుట్టిన ప్రతి బిడ్డకూ 24 గంటల్లోపు ఆ టీకా మొదటి డోసు వేయించండి.