కార్డు వెనక మూడంకెలు, మన హక్కు
(అంగళ్లులో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీ ఊరి పేరులోనే అంగడి ఉంది. టమోటా మండీలో బేరం ఎట్లా నడుస్తుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. రేటు విని, తూకం చూసి, డబ్బు లెక్కపెట్టుకుని ఇంటికి పోవడం మనకు తెలుసు. ఇప్పుడు అంగడి ఫోనులోకి వచ్చింది. అమ్మేవాడి ముఖం మనకు కనబడదు, మన ముఖం వాడికి కనబడదు. మరి కార్డు మన చేతిలోనే ఉందని వాడికి ఎట్లా తెలుస్తుంది? ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం.

కార్డు వెనక్కి తిప్పితే మూడంకెలు అచ్చు వేసి ఉంటాయి. వీటినే సీవీవీ అంటారు. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కార్డుకు మాత్రం ముందువైపు నాలుగంకెలు ఉంటాయి. ఈ అంకెలు కార్డు నల్లపట్టీలో ఉండవు. అంటే ఎవడైనా పట్టీలోని వివరాలు దొంగిలించినా ఇవి దొరకవు. అందుకే ఆన్‌లైన్‌లో ఇవి అడుగుతారు. డబ్బు కట్టడం పూర్తయ్యాక అమ్మకందారు వీటిని దాచుకోకూడదు. 2022 అక్టోబరు 1 నుంచి కార్డు నంబరు కూడా దాచుకోకూడదని రిజర్వు బ్యాంకు కట్టడి చేసింది.

మనవాళ్లు పిన్‌నూ, సీవీవీనీ, ఓటీపీనీ కలగలిపేస్తారు. పిన్ మనం పెట్టుకునేది, ఏటీఎంలో నొక్కేది. సీవీవీ బ్యాంకు అచ్చు వేసి ఇచ్చేది. ఓటీపీ అప్పటికప్పుడు ఫోనుకు వచ్చేది. మన దేశంలో 2009 ఆగస్టు నుంచి ఆన్‌లైన్ కార్డు చెల్లింపుకు ఓటీపీ వంటి రెండో తాళం తప్పనిసరి. కానీ విదేశీ అంగళ్లు చాలావాటిలో ఆ తాళం ఉండదు. కార్డు నంబరు, గడువు తేదీ, ఈ మూడంకెలు ఉంటే చాలు, డబ్బు పోతుంది.

నాకు తెలిసిన ఒక అక్క కుట్టుపని చేసుకుని బతుకుతుంది. బ్యాంకు నుంచి అని ఎవడో ఫోను చేస్తే కార్డు వివరాలన్నీ చెప్పింది, ఓటీపీ కూడా చెప్పింది. కొంత డబ్బు పోయింది. ఇంట్లో తెలిస్తే తిడతారని రెండు రోజులు నోరు విప్పలేదు. ఆ రెండు రోజుల్లో అదే కార్డు మీద విదేశీ అంగట్లో మరి కొంత పోయింది. ఈసారి ఓటీపీ అడగనే లేదు. రెండోసారి నష్టానికి కారణం ఆమె తెలియనితనమా, ఆమె భయమా? ఆ భయం పెట్టింది ఎవరు?

2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు గుర్తుపెట్టుకోండి. మన తప్పుగానీ బ్యాంకు తప్పుగానీ లేకుండా డబ్బు పోతే, బ్యాంకు కబురు అందిన మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే మనకు నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు రోజులయితే నష్టానికి ఒక పరిమితి ఉంటుంది. మనమే వివరాలు చెప్పి ఉంటే, ఫిర్యాదు చేసేదాకా పోయింది మనది. ఫిర్యాదు చేసిన తర్వాత పోయే ప్రతి రూపాయీ బ్యాంకుదే. తప్పు మనదని రుజువు చేయాల్సిన భారం కూడా బ్యాంకుదే. ‘నీదే తప్పమ్మా, పో’ అని కౌంటరు దగ్గర అంటే లేచి రావద్దు. రాసి ఇవ్వండి, ఫిర్యాదు నంబరు అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు, దానికి రుసుము లేదు.

ఇంకొక మాట. కార్డు మన పేరున ఉంటుంది, ఉండేది భర్త జేబులో. మూడంకెలు కొడుక్కి తెలుసు, మనకు తెలియదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారాను తరిమారు. ఆ తర్వాత పొదుపు సంఘాలు ఊరూరా లేచాయి. మన డబ్బు మన చేతిలో ఉండాలన్న ఆశ అప్పటిది. దాన్ని కార్డు రూపంలో మళ్లీ ఎవరి చేతికో అప్పగించడమెందుకు? భార్య డబ్బు భార్యకు అందకుండా చేయడం 2005 గృహహింస చట్టం కింద ఆర్థిక హింస కాగలదు.

కాబట్టి ఇవి చేద్దాం. మూడంకెలు కంఠతా పట్టి, వాటి మీద చిన్న కాగితం అంటించండి. కార్డు ఫొటో ఎవరికీ పంపకండి. మీరుగా తెరిచిన నమ్మకమైన పేజీలోనే అంకెలు నింపండి, ఫోను చేసినవాడికి చెప్పకండి. విదేశీ చెల్లింపులు బ్యాంకు యాప్‌లో మూసేయండి. డబ్బు పోతే ముందు బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించండి, వెంటనే 1930కి ఫోను చేయండి. ఇంట్లో చెప్పడానికి భయమైతే మీ సంఘంలో చెప్పండి. సంఘంలో ఎవరైనా అట్లా వచ్చి చెబితే, ‘ఎందుకు చెప్పావు’ అని అడగకండి. ‘బ్యాంకుకు పోదాం పద’ అనండి.