హాస్యము – సంఘజీవనము
(వార్షిక మహాసభయం దొసఁగిన యుపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, వసతిగృహముల నిర్వహణమును గూర్చియు గంభీరములైన ప్రసంగములు జరిగిన పిమ్మట నవ్వును గూర్చి మాటాడుట కొందఱకు విడ్డూరముగాఁ దోఁపవచ్చును. కాని తీర్మానములవలనఁ గాని పని యొక్కొకప్పుడు నవ్వువలన నగును. తీర్మానములవలన నైన పని నవ్వువలనఁ జెడుటయుఁ గలదు. కావున నీ విషయమును మీ సమక్షమున విచారింప సాహసించుచున్నాను.

"నవ్వు నాలుగు విధముల చేటు" అని మన పెద్దలు చెప్పిరి. మయసభలో నేల యని భ్రమసి దుర్యోధనుఁడు నీటఁ బడినప్పుడు చూపఱులు నవ్విన నవ్వు కురుపాండవవైరాగ్నికి నాజ్యమైనదని మనమందఱ మెఱుఁగుదుము. అయినను ఆ సామెతనే పట్టుకొని నవ్వు నెల్ల నిషేధించుట, వ్రేలు నొచ్చెనని చేయి నఱకికొనుట వంటిది. మన పూర్వులట్లు చేయలేదు. భరతముని నాట్యశాస్త్రమున హాస్యము నెనిమిది రసములలో నొకటిగా నంగీకరించి, స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము అని నవ్వు నాఱు విధములుగా విభజించెను. మొదటి రెండు నుత్తములకును, నడిమి రెండు మధ్యములకును, కడపటి రెండు నధములకును జెప్పెను. చెక్కిళ్లు కొంచెము వికసించి, పలువరుస కనఁబడకుండ నవ్వునది స్మితము. కన్నీరు గాఱ, ప్రక్కలు పట్టుకొని బిగ్గఱగా నవ్వునది యతిహసితము. ఇందు మనము ముఖ్యముగా గమనింపవలసినది యపహసితము. తగని తావున నవ్వుట దాని లక్షణములలో నొకటి. నవ్వు మంచిదా, చెడ్డదా యని యడిగినవానికి శాస్త్రకారుఁడు, ఎక్కడ నవ్వితివో చూచుకొమ్మని యుత్తర మిచ్చినాఁడన్నమాట.

ఈ కాలపు శాస్త్రజ్ఞులు నీ విషయమును వేఱు మార్గమునఁ బరిశీలించిరి. అమెరికాదేశమునందలి రాబర్ట్ ప్రొవైన్ అను పండితుఁడు, బహిరంగస్థలములలో జనులు మాటాడుకొనునప్పుడు గలిగిన 1,200 నవ్వులను గుర్తించి వ్రాసికొనెను. అందు హాస్యోక్తి యనఁదగిన మాట వెనుక వచ్చినవి నూటి కిరువదికి లోపలనే. తక్కినవెల్ల, పోయి వత్తునని సెలవు తీసికొనుట వంటి సాధారణమైన మాటల వెనుక వచ్చినవే. మనుష్యుఁ డొంటిగా నున్నప్పటికంటె నలుగురిలో నున్నప్పుడు సుమారు 30 రెట్లధికముగా నవ్వునని యాయన తేల్చెను. అనఁగా నవ్వునకు మూలము చమత్కారము గాదు, సాంగత్యము. "నేను నీ పక్షమువాఁడను" అని నోటితోఁ జెప్పకయే చెప్పునది నవ్వు.

దేహమున కిందువలన మేలును గలదు. 2011లో ఆక్సుఫర్డ్ విశ్వవిద్యాలయాచార్యుఁడు రాబిన్ డన్‌బార్ మొదలగువారు ప్రకటించిన పరిశోధనలో, నవ్వు పుట్టించు దృశ్యములను జూచి నవ్వినవారు, అట్టివి చూడనివారికంటె నొప్పి నెక్కువగా నోర్చుకొనిరి. దేహమునఁ బుట్టు ఎండార్ఫినులను ద్రవ్యము లిందులకుఁ గారణమని వారి యభిప్రాయము. 1995లో ముంబయి నగరమున మదన్ కటారియా యను వైద్యుఁడు అయిదుగురితో నొక యుద్యానవనమున నారంభించిన నవ్వుల సంఘము నేఁడు పలు దేశములకు వ్యాపించినది. నవ్వు మందులకు మాఱని నేను చెప్పుట లేదు. వైద్యుఁడు వ్రాసిన యౌషధమును బుచ్చుకొనియే తీరవలెను. కాని మృత్యువు సంభవించిన యింట బంధువులు చేరి, పోయినవారి వేడుకమాట నొకదానిని దలఁచుకొని నవ్వినప్పుడు, గుండె బరువు కొంత తగ్గుట మనమెల్ల నెఱిఁగినదే.

ఇఁక ముఖ్యవిషయమునకు వత్తును. కలసి నవ్వుట సాంగత్యమున కానవాలైనచో, నది సమ్మతికి నానవాలే. ఎవరి మాటకు నవ్వితిమో వారి పత్రముక్రిందఁ జేవ్రాలు చేసినట్లే. ఈ రహస్య మెఱిఁగి నవ్వును సంఘసేవకు వినియోగించిన మహనీయులు మన తెలుఁగుదేశమునఁ బుట్టిరి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించి, 1876లో హాస్యసంజీవనిని వెలయించి, ప్రహసనములు రచించి దురాచారములను గేలిచేసిరి. ఆయన నవ్వించి యూరకుండలేదు. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపించిరి.

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో విజయనగరమున మొదట ప్రదర్శింపఁబడి 1897లో నచ్చయినది. దాని పీఠికలో నాయన యొక లెక్క చూపిరి. విజయనగరము మహారాజావారు విశాఖపట్టణ మండలమున బ్రాహ్మణకుటుంబములలో మూఁడేండ్లలో జరిగిన కన్యాశుల్కవివాహముల పట్టిక వ్రాయింపఁగా 1,034 తేలినవి. అందు నయిదేండ్ల బాలికలు 99 మంది, నాలుగేండ్లవారు 44 మంది, మూఁడేండ్లవారు 36 మంది, రెండేండ్లవారు 6 గురు, ఏఁడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల వెల తలకు 350 మొదలు 400 రూపాయల వఱకు!

ఇట్టి లెక్క చదివినవానికిఁ గన్నీరు వచ్చును గాని నవ్వు రాదు. అయినను గురజాడవారు నవ్వునే సాధనముగా నెంచుకొనిరి. ఆ నవ్వు నెచట నిలిపిరో చూడుఁడు. అమ్ముడుపోనున్న సుబ్బిని జూచి మనము నవ్వము. బాలవితంతువైన బుచ్చమ్మను జూచి నవ్వము. కూఁతు నమ్మఁజూచు నగ్నిహోత్రావధానులను, ముసలితనమునఁ బెండ్లికి సిద్ధపడిన లుబ్ధావధానులను, మాటల గారడీవాఁడైన గిరీశమును జూచి నవ్వుదుము. కరటకశాస్త్రి తన శిష్యునికి నాఁడువేషము వేసి లుబ్ధావధానులకుఁ గట్టిపెట్టిన ఘట్టమున నవ్విన ప్రేక్షకుఁడు, తనకుఁ దెలియకయే సుబ్బి పక్షమునఁ జేవ్రాలు చేయుచున్నాఁడు. మఱియొక విశేషము: గురజాడవారు పరుల యింటిని జూచి నవ్వలేదు, తమవారి యింటి దోషమునే వెల్లడిచేసిరి. అందుచేతనే యా నవ్వులోఁ బగ లేదు, బాధ గలదు.

ఆ తరువాత మునిమాణిక్యము నరసింహారావుగారు కాంతం కథలలో నొక బడిపంతులు సంసారమును జూపి, కథ చెప్పు భర్తనే నవ్వులపాలు చేసిరి. చేతఁ గాసు లేని యింటను దంపతులు కలసి నవ్వుకొనఁగలరని యా కథలు చదివిన యెన్నియో కుటుంబములకుఁ దెలిసినది.

ఇప్పుడు మన యిండ్లకు వత్తము. కన్యాశుల్కము పోయినది, దాని పీఠముమీఁద వరశుల్కము కూర్చున్నది. 1961లో వరకట్ననిషేధశాసనము వచ్చినది. నేఁడు గట్నమును బిగ్గఱగా నడుగుటకు సిగ్గుపడువారును నవ్వుచు నడుగుటకు సిగ్గుపడుట లేదు. "మావాఁడు విదేశమునకు వెళ్లినాఁడు, ధర పెరిగినది సుమా!" యని యొకరు పరిహాసమాడుదురు. చుట్టునున్నవారు నవ్వుదురు. ఆఁడుపిల్ల తండ్రియు నవ్వును. ఆయనయే నవ్వుచుండఁగా నిందుఁ దప్పేమి యని మన మనుకొందుము. అయ్యా, ఆ నవ్వు సంతోషము గాదు; మర్యాద. ఆ రాత్రి యింటికిఁ బోయి, ఏ పొల మమ్మవలెనో, ఎవరి నప్పడుగవలెనో యని యాయన లెక్కలు వ్రాసికొనును. మనము నవ్విన నవ్వు ధర చెప్పినవాని పత్రముమీఁదఁ బడిన చేవ్రాలు.

పెండ్లిచూపులలోఁ బిల్ల మేనిచాయను గూర్చి యాడు సరసమును నిట్టిదే. పల్లెనుండి వసతిగృహమునకుఁ గ్రొత్తగా వచ్చిన బాలుని యాసను వెక్కిరించుటయు నిట్టిదే. ఆ బాలుఁడు మఱునాఁటినుండి తరగతిలో లేచి ప్రశ్న యడుగుట మానును. కులములమీఁదఁ బుట్టిన సామెతలు సరేసరి. మనమీఁద నన్యులు చెప్పిన సామెత విన్నప్పుడు మనకు నొచ్చును. అన్యులమీఁద మనవారు చెప్పిన దానికి నవ్వుదుము. ఆ రెంటికిని భేద మేమి? ఈనాఁడు చేతనున్న ఫోనునుండి యొక పరిహాసచిత్రము క్షణములో వేలమందికిఁ బోవుచున్నది. పంపినవాని నవ్వు మనకుఁ దెలియును గాని, దానిని జూచుకొని యేడ్చినవాఁడు మనకుఁ గనఁబడఁడు.

కావున నా విన్నపములు రెండు. వచ్చు సంవత్సరపు మహాసభలో మన యువజనులచేత మన కట్నముల వేలమును గూర్చియే యొక ప్రహసనము వ్రాయించి ప్రదర్శింపఁజేయుదము. దానికి బహుమాన మొసఁగుటకుఁ బోషకమహాశయులు ముందునకు రావలెను. అందు నవ్వు మన మీఁదనే పడవలెను. పిల్లమీఁద గాని పిల్ల తండ్రిమీఁద గాని పడరాదు.

రెండవ విన్నపమునకు ధనవ్యయ మేమియు లేదు. ఇఁకమీఁదట నే పెండ్లి మాటలలోనైనను ధరను గూర్చిన పరిహాసము వినవచ్చినప్పుడు, దయచేసి నవ్వకుఁడు. వాదింపనక్కఱలేదు, కోపగింపనక్కఱలేదు, నవ్వకుండిన జాలును. పదిమందిలో నాడిన పరిహాసమునకు బదులు నవ్వు రానప్పుడు, ఆడినవాఁడే తన మాటను మరల విని సిగ్గుపడును. అప్పుడా పిల్ల తండ్రియు మర్యాదకై నవ్వవలసిన పని తప్పును. తరువాతఁ బెండ్లిపందిటిలో నాయన నిజముగా నవ్వునట్లు చేసిన, మన సంఘము చేసిన తీర్మానములలో నది యొక పెద్ద తీర్మాన మగును.