మనకంటే ముందు ఈ లోయకు వచ్చినవారు
(వార్షికోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



మీ తల్లిదండ్రులు ఈ దేశానికి వచ్చి పడిన శ్రమను మీరు పలుమార్లు విని ఉంటారు. ఈరోజు, మనకంటే ముందు ఈ కాలిఫోర్నియా లోయకు చేరిన రైతు కుటుంబాల గురించి చెబుతాను. 1930లలో ఓక్లహోమా, టెక్సాస్, ఆర్కన్సా, మిస్సోరీల నుండి ఈ రాష్ట్రానికి మూడు లక్షలమందికి పైగా వచ్చారు. వారిలో ఎందరో పాత కార్లపై పరుపులు, వంటపాత్రలు కట్టుకొని 66వ నంబరు రహదారి వెంట వచ్చినవారే.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బుషెల్ గోధుమలు రెండు డాలర్లకు పైగా పలికాయి. ఆ ఆశతో గడ్డిభూములను దున్నారు. 1932 నాటికి ధర నలభై సెంట్లకు లోపు పడిపోయింది. దానికి కరవు తోడైంది. గడ్డివేళ్ల పట్టు కోల్పోయిన మట్టి గాలిలోకి లేచింది. 1935 ఏప్రిల్ 14న పట్టపగలే చీకటి కమ్మింది. కిటికీలకు తడి దుప్పట్లు కట్టినా, దుమ్ము వల్ల వచ్చే న్యుమోనియాతో పసివారు మరణించారు.

అయితే వలస వచ్చినవారిలో అత్యధికులు దుమ్ము ప్రాంతాలవారు కారు, పత్తి ప్రాంతాలవారు. “కౌలు” అనే మాట మీ తాతగారి నోట వినే ఉంటారు. వీరిలో చాలామంది కౌలుదారులే. 1933 నుండి పత్తిసాగు తగ్గించినందుకు ప్రభుత్వం పరిహారమిచ్చింది. అందులో అధికభాగం భూస్వాములకే చేరింది. సాగు తగ్గి, ట్రాక్టరు వచ్చాక కౌలుదారుతో పని లేకపోయింది. దున్నేది ఒకరు, పరిహారం అందుకొనేది మరొకరు అన్న మొర మన తెలుగు జిల్లాలలో నేటికీ వినబడుతుంది.

1936లో లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖ 136 మందిని రాష్ట్ర సరిహద్దులకు పంపి, చేతిలో సొమ్ము లేనివారిని వెనుకకు మళ్లించింది. లోపలికి రాగలిగినవారిలో ఎందరో కాలువగట్లపై గుడారాలు వేసుకొని ఆ నీరే త్రాగారు. “ఓకీ” అన్న పేరే వారికి తిట్టయింది. దుమ్మును విడిచి వచ్చినవారికి ఈ నేలలోని ఫంగస్ వల్ల కలిగే వ్యాలీ ఫీవర్ ఎదురైంది. ఆ జ్వరానికి ఈ మట్టే కారణమని వైద్యులు నిర్ధారించుకొన్నది ఆ దశాబ్దంలోనే.

మేరీస్‌విల్ నివాసి ఫ్రెడ్ ఎడ్వర్డ్స్ తన భార్య సోదరుణ్ణి టెక్సాస్ నుండి కారులో తీసుకువచ్చాడు. బావమరిదిని ఇంటికి తెచ్చుకోవడం నేరమా? అతడు నిరుపేద అని తెలిసి తెచ్చినందున నేరమేనని నాటి కాలిఫోర్నియా చట్టం శిక్ష వేసింది. 1941లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. మీ మేనమామలు మన ఊరు వచ్చినప్పుడు ఈ కేసును గుర్తుచేసుకోండి.

ఆర్విన్ వద్ద ప్రభుత్వం నెలకొల్పిన శిబిరంలో శుభ్రమైన నీరు, మరుగుదొడ్లు, స్నానపు గదులు ఉండేవి. గట్టుమీది కుటుంబానికి ఆ సదుపాయాలే మొదటి వైద్యం. ఆ పిల్లల కోసం లియో హార్ట్ అనే విద్యాధికారి 1940లో పాఠశాల ప్రారంభించాడు. పిల్లలు తమ చేతులతోనే దాని గోడలు లేపారు.

నేడు ద్రాక్షతోటలలో పనిచేసేవారు వేరే భాష మాట్లాడతారు. ఎండదెబ్బ, వ్యాలీ ఫీవర్ మాత్రం వారినీ విడువలేదు. “మేము చదువుకొని వచ్చాము, వారి సంగతి వేరు” అని మన విందులలో ఎవరైనా అంటే, మీరు మర్యాదగానే ఈ చరిత్ర చెప్పండి. మీలో వైద్యం, న్యాయశాస్త్రం చదువుతున్నవారున్నారు. త్రాగునీరు, నీడ, చికిత్స వారికి అందుతున్నాయా అని విచారించండి. మన అన్నదానం ఆలయ ప్రాంగణం దాటి ఆ తోటల దాకా వెళ్లాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.