ఆ వాసన మళ్ళీ వచ్చినప్పుడు



2020 మే 7, తెల్లవారుజాము. విశాఖలో, గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి ఇళ్ళ మీదికి పాకింది. కనీసం 12 మంది చనిపోయారు. వందలమందిని ఆసుపత్రులకు చేర్చారు. శ్వాస కుదుటపడ్డాక ఇళ్ళకు వచ్చినవాళ్ళలో, ఆ భయం ఎందరి వెంట వచ్చిందో!

అలాంటి ఒక ఇల్లు అనుకుందాం. ఆ రాత్రి భర్త స్టీల్ ప్లాంటులో సి షిఫ్టులో ఉన్నాడు. భార్య ఇద్దరు పిల్లల్ని లాక్కుని చీకట్లో పరిగెత్తింది. ఏళ్ళు గడిచాయి. ఇవాళ పక్కింటి గోడకు రంగు వేస్తుంటే, ఆ వాసనకి ఆమె చేతిలో గరిట జారిపోయింది. గుండె దడ, ఒళ్ళంతా చెమట. "ఎప్పటిదో ఇంకా పట్టుకుని కూర్చుంటావేంటి?" అన్నాడాయన. ఆమె మాట్లాడలేదు. సాయంత్రం, కుళాయి కట్టలేదన్న చిన్న మాట మీద ఇల్లు అదిరిపోయింది.

ఇందులో ఆమె తప్పేమీ లేదండీ. మెదడులో బాదంగింజంత భాగం ఒకటుంది, అమిగ్డలా అంటారు. ప్రమాదాన్ని వాసనతో, చప్పుడుతో ముడివేసి దాచడంలో దానికి పెద్ద పాత్ర ఉంది. తేదీలు దానికి పట్టవు. అందుకే "మర్చిపో" అంటే పని జరగదు.

థెరపీలో ముందు పాదాలు నేలకి ఆనించి, ఊపిరి నెమ్మదిగా వదలడం నేర్పుతారు. తర్వాత ఆ రాత్రి గురించి కొంచెం కొంచెంగా చెప్పిస్తారు. భయం వేస్తుంది, కాసేపటికి తగ్గుతుంది. కొన్ని వారాలకు, కిటికీ తీసి, దూరంగా మూత తెరిచిన రంగుడబ్బా పెడతారు. పాత జ్ఞాపకం చెరిగిపోదు. దాని పక్కనే "ఈ వాసన వచ్చినా నాకేం కాలేదు" అనే కొత్త జ్ఞాపకం కుదురుకుంటుంది.

ఆ తర్వాత భర్తనీ పిలుస్తారు. జవాబు చెప్పే ముందు, ఆమె ఏమందో ఆయన్ని తిరిగి చెప్పమంటారు. వినడానికి చిన్నదే, చేయడం ఎంత కష్టమో! కుళాయి గొడవ అడుగున ఉన్న మాట అప్పుడు బయటికొస్తుంది: "ఆ రాత్రి మీరు లేరు." ఆయన తల వంచుకుంటాడు. "ఫోను లాకర్లో ఉంది. పొద్దున చూస్తే నీవి పదకొండు మిస్డ్ కాల్స్. ఇప్పటికీ ఆ అంకె కళ్ళ ముందే ఉంటుంది." గాయం ఇద్దరిదీ అని ఇద్దరికీ తెలిసే ఆ ఘడియ కంటే విలువైనది ఈ వైద్యంలో మరొకటి లేదని నా నమ్మకం.

ఒక జాగ్రత్త. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టడం కాదు, ముందు ఆమెకు రక్షణ కావాలి.

సాయం కావాలంటే, వాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి 1871 నుంచీ ఉంది. ఆ గేటు దాటితే ఎవరైనా చూస్తారని జంకేవాళ్ళు 14416కి ఫోను చేయవచ్చు. అది టెలి మానస్, మానసిక ఆరోగ్య సహాయవాణి. ఖర్చు లేదు, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే, నిద్ర పట్టడం లేదని చెప్పండి. మిగతాది వాళ్ళే అడుగుతారు.