కార్బన్ డయాక్సైడ్ పెరిగితే డయాటమ్‌లకు పండగేనా?

"కార్బన్ డయాక్సైడ్ అంటే మొక్కలకు తిండి కదా, అది పెరిగితే మంచిదేగా?" అని చాలామంది అడుగుతుంటారు. ఈ రోజు ఆ ప్రశ్నకి సముద్రంలో జవాబు వెతుకుదాం.

డయాటమ్‌లు కంటికి కనిపించనంత చిన్న ఏకకణ జీవులు. ఒక్కోటీ గాజులాంటి సిలికా పెంకులో ఉంటుంది. భూమి మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు ఐదో వంతు వీటిదే. మన ఆంధ్రా తీరంలోని హేచరీల్లో రొయ్య పిల్లలకి మొదట పెట్టే మేత కూడా ఇవే.

మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు పావు వంతు సముద్రం పీల్చుకుంటుంది. అది నీటితో కలిసి కార్బానిక్ ఆమ్లం అవుతుంది. పారిశ్రామిక విప్లవం నుంచి ఇప్పటికి సముద్రపు పైనీటి పిహెచ్ సుమారు 8.2 నుంచి 8.1కి తగ్గింది. ఇంతేనా అనుకోకండి. పిహెచ్ లెక్క ప్రకారం హైడ్రోజన్ అయాన్లు 25 శాతానికి పైగా పెరిగినట్టు.

మరి డయాటమ్ సంగతేంటి? సముద్రపు నీటిలో నేరుగా దొరికే కార్బన్ డయాక్సైడ్ చాలా తక్కువ. అందుకే డయాటమ్ శక్తి ఖర్చుపెట్టి, పంపు కొట్టినట్టు కార్బన్‌ని లోపలికి లాక్కుంటుంది. నీటిలో ఆ వాయువు పెరిగితే పంపు పని తగ్గి శక్తి మిగులుతుంది. ఇక్కడే ఉంది అసలు మెలిక.

వెలుతురు తక్కువున్న చోట ఆ మిగులు పెరుగుదలకి పనికొస్తుంది. ఫోన్‌లో 10 శాతం చార్జింగ్ ఉన్నప్పుడు పవర్ సేవర్ ఆన్ చేసినట్టన్నమాట. కానీ ఎండ బాగా తగిలే చోట శక్తి ముందే ఎక్కువ. ఖర్చయ్యే దారి కూడా తగ్గితే, ఎండలో చార్జింగ్ పెట్టిన ఫోన్ వేడెక్కినట్టే, కాంతిని పట్టే యంత్రాంగమే దెబ్బతింటుంది.

చైనాలోని షియామెన్ యూనివర్సిటీకి చెందిన కున్‌షాన్ గావ్ బృందం దక్షిణ చైనా సముద్రంలోనూ, ల్యాబ్‌లో మూడు జాతుల డయాటమ్‌ల మీదా దీన్ని పరీక్షించి 2012లో ప్రచురించింది. కార్బన్ డయాక్సైడ్ పెంచినప్పుడు, తక్కువ వెలుతురులో ల్యాబ్ డయాటమ్‌లు బాగా పెరిగాయి. ఉపరితలం మీద పడే ఎండలో 22 నుంచి 36 శాతం దాటాక మాత్రం పెరుగుదల తగ్గింది. సముద్రపు నీటి ప్రయోగాల్లో డయాటమ్‌ల వాటా కూడా పడిపోయింది.

ఇప్పుడు దీనికి భూతాపం కలపండి. పైనీరు వేడెక్కి తేలికైతే కింది నీటితో కలవడం తగ్గుతుంది. కలిసే పొర పలచబడి, డయాటమ్‌లు ఎక్కువసేపు ఎండలోనే ఉండిపోతాయి. కింద నుంచి రావాల్సిన పోషకాలూ తగ్గుతాయి.

అన్ని జాతులూ ఒకేలా స్పందించవు, నిజమే. కానీ "కార్బన్ పెరిగితే పంటే" అనే ఫార్వర్డ్ మీ గ్రూప్‌లోకి వస్తే ఒక్క ప్రశ్న వేయండి: "ఎంత వెలుతురులో?"